సెల్లార్ నేల పాడైతే ఏం వేయించాలి? ముందు నీళ్ళ దారి కనిపెట్టండి

ఈసారి బెంగళూరు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి అడిగాయి: వానకు సెల్లార్‌లోకి నీళ్ళొచ్చి నేల పాడైంది, తక్కువ ఖర్చులో మళ్ళీ ఏం వేయించాలి అని. దాదాపు అన్నీ 30×40 అడుగుల సైట్లలో రోడ్డు కంటే నాలుగైదు అడుగులు కిందికి దించి కట్టిన హాఫ్ బేస్‌మెంట్ల సంగతే. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: హొరమావులో మా ఇల్లు. కింద బేస్‌మెంట్‌లో 12 అడుగులు, 15 అడుగుల గది మా అబ్బాయి ఆఫీసు పనికి వాడుకుంటాడు. లామినేట్ ఉడెన్ ఫ్లోరింగ్ వేయించాం. మొన్నటి వానకు అర అడుగు నీళ్ళు నిలిచి పలకలన్నీ అంచుల దగ్గర ఉబ్బి లేచాయి. కాంట్రాక్టరు ‘ఎస్‌పీసీ వేయించండి, నూటికి నూరుపాళ్ళు వాటర్‌ప్రూఫ్, పాతది తీయకుండా పైనే పరిచేస్తాం’ అంటున్నాడు. నమ్మొచ్చా? ఎక్కువ ఖర్చు పెట్టుకోలేం.

జవాబు: పాతదాని మీద పరచడానికి మాత్రం ఒప్పుకోకండి. లామినేట్ పలక లోపల ఉండేది గట్టిగా నొక్కిన చెక్కపొట్టు. ఒకసారి నీళ్ళు తాగి ఉబ్బితే, ఎండినా మళ్ళీ మొదటి మందానికి రాదు. దాని కింద వేసే ఫోమ్ షీటు తడిని పట్టి ఉంచుకుంటుంది. పైన ఇంకో పొర పడితే ఆ తడికి బయటికి పోయే దారే ఉండదు, కొద్ది వారాల్లో బూజు వాసన మొదలవుతుంది. పలకలు, ఫోము, గోడ వెంట కొట్టిన స్కర్టింగ్ పట్టీలు మూడూ తీసేయాలి. స్కర్టింగ్ వెనక తడి మిగిలిపోతుందని చాలామందికి తట్టదు. పని మొదలుపెట్టే ముందు ఆ గది ఎంసీబీ దించండి. నీళ్ళలో మునిగిన ప్లగ్ పాయింట్లను ఎలక్ట్రీషియన్ విప్పి చూశాకే మళ్ళీ కరెంటు ఇవ్వాలి.

ఎస్‌పీసీ గురించి కాంట్రాక్టరు చెప్పింది సగం నిజం. సున్నపురాయి పొడి, పీవీసీ కలిపి చేసిన పలక అది, పలక మట్టుకు నీళ్ళకు ఉబ్బదు. కానీ పలకకూ పలకకూ మధ్య ఉండే క్లిక్ అతుకు నీళ్ళను ఆపదు. మళ్ళీ వరదొస్తే నీళ్ళు కిందికి దిగి అక్కడే నిలుస్తాయి, తుడిచినా మీ చేతికి అందవు. బీరువాలు, బల్లలు జరిపి, పలకలన్నీ ఊడదీసి ఆరబెట్టి మళ్ళీ బిగించాలి. ఆ ఊడదీయడంలో క్లిక్ నాలుకలు కొన్ని విరుగుతాయి. పైగా కింద నేల సమంగా ఉండాలి: 6 అడుగుల తిన్నని పట్టీ (స్ట్రెయిట్ ఎడ్జ్) పెడితే ఎక్కడా 3 మి.మీ.కు మించి సందు కనిపించకూడదు. హాఫ్ బేస్‌మెంట్లలో అంత సమంగా ఉండే నేల అరుదు, కాబట్టి లెవలింగ్ ఖర్చు అదనం. మామూలు 2×2 అడుగుల విట్రిఫైడ్ టైల్స్‌తో పోలిస్తే సరుకు ధర రెండింతలు దాటుతుంది. మీ గదికి అది వద్దనే మా సలహా.

ఏది వేయాలో తేలాలంటే నీళ్ళు ఎటునుంచి వచ్చాయో ముందు తేలాలి. వాన పడుతుండగానే బురదగా, చెత్తతో వచ్చాయంటే ర్యాంపు మీంచో వెంటిలేటర్‌లోంచో వచ్చినవి. వాన వెలిసిన కొన్ని గంటలకో మర్నాటికో, గోడా నేలా కలిసే మూల నుంచి తేటగా ఊరుతూ, ఎత్తిపోసినా మళ్ళీ వస్తున్నాయంటే అది భూమిలోని ఊట. వానతో సంబంధం లేకుండా ఒకే గోడ పక్క ఎప్పుడూ చెమ్మగా ఉంటే ఆ గోడ అవతల ఏముందో చూడండి. చాలా ఇళ్ళలో అక్కడ సంపు ఉంటుంది. కొన్నిచోట్ల వాననీటి ఇంకుడు గుంత ఉంటుంది, అది పక్కింటివాళ్ళదైనా కావచ్చు.

సంపు కారుతోందా లేదా అన్నది ఒక్క రోజులో తేలిపోతుంది. సాయంత్రం నిండా నింపి, కావేరి నీళ్ళ లైను వాల్వు కట్టేసి, నీటి మట్టం దగ్గర గోడ మీద గీత గీయండి. మర్నాడు సాయంత్రం దాకా మోటారు వేయకండి, ఓవర్‌హెడ్ ట్యాంకు ముందే నింపి పెట్టుకోండి. 8 అడుగులు, 6 అడుగుల సంపులో మట్టం అర అంగుళం దిగిందంటే సుమారు 56 లీటర్లు పోయినట్టు. మూత వేసిన సంపులో అంత నీరు ఆవిరి కాదు. అది ఎటో వెళ్ళింది, మీ బేస్‌మెంట్ గోడ పక్కనే ఉంటే బహుశా అటే. అప్పుడు పని సంపు లోపలి వైపు జరగాలి: ఖాళీ చేసి, కడిగి, పగుళ్ళు పూడ్చి, తాగునీటి ట్యాంకులకు పనికొచ్చే సిమెంట్-పాలిమర్ పూత రెండు చేతులు, మొదటిది అడ్డంగా, రెండోది నిలువుగా వేయించాలి. నీళ్ళు తోసే వైపు వేసిన పూతను నీళ్ళే గోడకు అదుముతాయి. గదిలోపల వేసిన పూతను అవే నీళ్ళు వెనకనుంచి బయటికి నెట్టేస్తాయి. గది గోడకు ఎంత ఖరీదైన వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేసినా పొక్కులొచ్చి రాలేది ఇందుకే.

రెండో పరీక్ష నేలకు. లామినేట్ తీసి, నేల కడిగి, కిటికీలు తెరిచి ఫ్యాను పెట్టి పైతడి ఆరనివ్వండి. తర్వాత 2 అడుగుల చదరం మందపాటి పాలిథిన్ షీటు ముక్కలు మూడు నాలుగు తీసుకుని, ఒకటి సంపు గోడ పక్కన, ఒకటి గది మధ్యలో, ఒకటి ర్యాంపు వైపు పరిచి, నాలుగు అంచులూ గాలి పోకుండా టేపు వేయండి. ఒక రోజు కదపకండి. ఎత్తి చూసినప్పుడు షీటు అడుగున నీటి బొట్లు ఉన్నా, కింద కాంక్రీటు చుట్టుపక్కల కంటే నల్లగా కనిపించినా తడి కిందనుంచి వస్తోందని లెక్క. బొట్లు షీటు పైభాగాన మాత్రమే ఉంటే అది గాలిలోని తేమ, నేల దోషం కాదు. ఒక్కచోట తడి కనిపించినా వారం పది రోజులాగి మళ్ళీ చేయండి. వరద నీరు పీల్చుకున్న స్లాబు ఆరడానికి వారాలు పడుతుంది, మేస్త్రీ ‘రెండు రోజుల్లో ఆరిపోయింది సార్’ అనేది పైపొర చూసి చెప్పే మాట. తొందర లేకపోతే జనవరి నుంచి మార్చి దాకా ఉన్న పొడి నెలల్లో పెట్టుకోండి. సెప్టెంబరు, అక్టోబరుల్లో వేసిన నేల కింద తడి ఉండిపోయే ప్రమాదం ఎక్కువ.

షీటు కింద పొడిగా ఉందా, నిశ్చింతగా మ్యాట్ ఫినిష్ విట్రిఫైడ్ టైల్స్ వేయించుకోండి. వీటి నీటి పీల్పు అర శాతం లోపే. గోడలకు వేసే సిరామిక్ టైల్స్ పది శాతం దాటి పీలుస్తాయి, మిగిలాయి కదా అని అమ్మకంవాళ్ళు చవగ్గా ఇస్తానన్నా నేలకు తీసుకోవద్దు. మీ గది 180 చదరపు అడుగులు. కోతలకు, విరిగిపోయేవాటికి 7 శాతం కలిపితే 193. 600 మి.మీ. టైల్స్ నాలుగున్న పెట్టె 16 చదరపు అడుగులని చెప్పి అమ్ముతారు గానీ నిజంగా వచ్చేది 15.5 చదరపు అడుగులే, కాబట్టి 13 పెట్టెలు. అన్నీ ఒకే బ్యాచ్ నంబరువి తీసుకోండి, వేరే బ్యాచ్‌వైతే రంగు తేడా నేల మీద కనిపిస్తుంది. ఒక పెట్టె మిగిలితే దాచండి.

వేసే పద్ధతిలోనే ఎక్కువమంది దెబ్బ తింటారు. విట్రిఫైడ్ నీళ్ళు పీల్చదు కాబట్టి సిమెంటు పాలు దాని వెనక పట్టవు. విట్రిఫైడ్‌కు పనికొస్తుందని సంచి మీద రాసి ఉన్న టైల్ అడ్హెసివ్ కావాలి. 20 కిలోల సంచి 3 మి.మీ. మందంలో సుమారు 45 చదరపు అడుగులకు వస్తుంది, మీకు నాలుగు సంచులు, చేతిలో ఇంకొకటి. పళ్ళున్న తాపీతో నేలంతా గీతలుగా పరిచి టైల్ అదమాలి, ఐదు ముద్దలు పెట్టి టైల్ కూర్చోబెడతానంటే ఆపండి. మొదటి రెండు టైల్స్ వేయగానే ఒకటి ఎత్తించి వెనక చూడండి. అడ్హెసివ్ మూలల దాకా అంటుకుని ఉండాలి. కీళ్ళకు 3 మి.మీ. స్పేసర్లు, కీళ్ళు నింపడానికి ఎపాక్సీ గ్రౌట్ సుమారు 3 కిలోలు. గోడ వెంట 5 మి.మీ. ఖాళీ వదిలి స్కర్టింగ్‌తో కప్పండి.

షీటు కింద తడి ఆగకుండా వస్తూనే ఉంటే టైల్స్ జోలికి పోకుండా బండలో సిమెంటు నేలో వేయించండి. అన్నిటికంటే చవకైనది సిమెంటు నేల. రెండంగుళాల మందంలో 1:2:4 పాళ్ళలో సిమెంటు, ఇసుక, సన్న కంకర కలిపిన కాంక్రీటు, 4 అడుగుల చదరాలుగా గాజు పట్టీలు పెట్టి పోస్తారు. మీ గదికి 30 ఘనపుటడుగుల కాంక్రీటు, ఆరు సంచుల సిమెంటు. సంచికి 200 మిల్లీలీటర్ల వాటర్‌ప్రూఫింగ్ ద్రవం కలిపించండి. ఎర్ర ఆక్సైడ్ కావాలంటే పైపూత సిమెంటు బరువులో పదో వంతుకు మించనివ్వకండి, మించితే పైపొర దుమ్ములా రాలుతుంది. పోసిన మర్నాటి నుంచి వారం పది రోజులు నీళ్ళు నిలబెట్టాలి. సన్నటి వెంట్రుక పగుళ్ళు వస్తాయి, అవి తప్పవు. తడి వాటిలోంచీ పైపొరలోంచీ ఆవిరై పోతుంది, నేలకు ఏమీ కాదు. బెంగళూరు పాత ఇళ్ళలో ఎర్ర నేలలు అన్నేళ్ళు నిలిచాయంటే ఈ గుణం వల్లనే. మంచి చేతిపని ఉన్న మేస్త్రీలు ఇప్పుడు తక్కువ, వేసిన నేల ఒకటి చూపించమని అడిగి మరీ కుదుర్చుకోండి.

ఏది వేసినా 10 అడుగులకు ఒక అంగుళం చొప్పున ఒక మూలకు వాలు పెట్టించండి. ఆ మూలలో అడుగున్నర చదరం, అడుగున్నర లోతు గుంత తీసి, ఫ్లోట్ స్విచ్ ఉన్న చిన్న సబ్‌మెర్సిబుల్ పంపు పెట్టాలి. ర్యాంపు తలవైపు 4 నుంచి 6 అంగుళాల ఎత్తు హంపు, దాని లోపలి వైపు అడ్డంగా ఇనుప జాలీ కాలువ పెడితే రోడ్డు నీళ్ళు గదిదాకా రావు. డబ్బు సరిపోకపోతే టైల్స్‌లో తగ్గించుకోండి, ఈ మూడింటిలో తగ్గించకండి.

ప్రశ్న: మాది బేతంచెర్ల దగ్గరి ఊరు. ఇక్కడ కె.ఆర్.పురంలో ఇల్లు. బేస్‌మెంట్ నేలకు మా ఊరి బండలు లారీలో తెప్పిస్తే చవకవుతుందా? మా నాన్నగారు అవే వేయమంటున్నారు.

జవాబు: మీ నాన్నగారి మాట తీసేసేది కాదు. బేతంచెర్ల, తాండూరు, కలబురగి జిల్లా షాబాదు, రాజస్థాన్ కోటా అన్నీ సున్నపురాయి జాతివే. తడి వచ్చినా ఉబ్బవు, లేవవు. వరదొస్తే కడిగి వదిలేయవచ్చు.

లెక్క ఇలా వేసుకోండి. అంగుళం మందం బండ చదరపు అడుగుకు సుమారు 6 కిలోలు. 180 చదరపు అడుగులకు 1,100 కిలోలు, అంటే ఒక టన్ను పైన. అంత కొద్ది సరుకుకు ప్రత్యేకంగా లారీ పెడితే కిరాయి బండల ధరను మించవచ్చు. ఇంకెవరి సరుకుతోనైనా కలిపి తెస్తేనే గిట్టుబాటు. లేదంటే బెంగళూరు రాతి యార్డుల్లోనే షాబాదు, కోటా, కడప రాళ్ళు దొరుకుతాయి, అవీ ఇదే పని చేస్తాయి. ధర అడిగేటప్పుడు బండ ధర ఒక్కటే కాకుండా, అంచు కోత, పరిచే కూలి, పాలిష్ మూడూ చదరపు అడుగుకు ఎంతో విడివిడిగా అడగండి. రాతి నేలలో పాలిష్ కూలి చిన్నది కాదు. బేస్‌మెంట్‌కు అద్దంలాంటి పాలిష్ అక్కరలేదు, రెండు పాలిష్ రాళ్ళతో పైగరుకు తీయిస్తే చాలు, జారకుండా కూడా ఉంటుంది.

చేతికోత బండల మందం ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది కాబట్టి కింద 1:6 సిమెంటు ఇసుక పరుపు అంగుళంన్నర దాకా పడుతుంది. బండ అడుగున చెయ్యి పెట్టి చూస్తే పొరలుగా విడిపోయేవి, గోటితో గీకితే పొడి రాలేవి పక్కన పడేయండి. ఇక యాసిడ్ వద్దు. పని అయ్యాక మేస్త్రీలు సిమెంటు మరకలు పోవడానికి యాసిడ్ పోసి కడుగుతారు. సున్నపురాయిని యాసిడ్ తినేస్తుంది, ఎప్పటికీ పోని తెల్లటి మచ్చలు పడతాయి. సబ్బునీళ్ళు, బ్రష్షు చాలు. మెరుపు కోసం పైన సీలర్ పూత కూడా వేయించకండి. కిందనుంచి ఉప్పు తడి వస్తుంటే ఆ పూత కింద ఉప్పు పేరుకుని బండ పైపొరను పెళ్ళలుగా లేపుతుంది.

ప్రశ్న: మా టైల్స్ మీద నడిస్తే కొన్నిచోట్ల డొల్ల శబ్దం. కీళ్ళ వెంట తెల్లపొడి వస్తోంది, తుడిస్తే నాలుగు రోజులకు మళ్ళీ వస్తుంది. అన్నీ తీయించాలా? వీటిమీదే కొత్త టైల్స్ అంటించొచ్చని ఒకరన్నారు. (మహదేవపుర)

జవాబు: ఆ పొడి ఉప్పు. కిందనుంచి వచ్చే తడి సిమెంటులోని లవణాలను మోసుకొచ్చి, పైకొచ్చి ఆవిరయ్యాక వదిలిపోతుంది. పొడి బ్రష్షుతో ఊడ్చి ఎత్తండి, నీళ్ళతో కడిగితే కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. వానలు తగ్గాక ఆగిపోతే నేల ఆరుతోందని అర్థం. ఎండాకాలంలోనూ వస్తుంటే ముందు సంపు పరీక్ష చేయండి.

చెక్క పిడితో ప్రతి టైల్‌నూ నాలుగు మూలలా, మధ్యలో తట్టి, డొల్లవాటి మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. మూడో వంతు లోపు ఉండి, అవీ విడివిడిగా ఉంటే ఆ టైల్స్ మాత్రం మార్చుకోవచ్చు. గుర్తులన్నీ ఒక గోడ వెంట గుంపుగా పడితే తడి అక్కడే ఉంది, ఆ భాగమంతా కింది సిమెంటు పరుపు దాకా తీసి ఆరబెట్టాలి. టైల్ మీద టైల్ మేడ మీద గదుల్లో పనికొస్తుంది. బేస్‌మెంట్‌లో తడిసిన పరుపును శాశ్వతంగా మూసేసినట్టవుతుంది, కింద పట్టు లేని టైల్ పైదాన్ని కూడా తనతో లేపుతుంది.

ప్రశ్న: వానకు యూజీడీ (భూగర్భ మురుగు) లైను ఎదురుతన్ని బేస్‌మెంట్ టాయిలెట్లోంచి మురుగు గదంతా వచ్చింది. కడిగినా వాసన పోవడం లేదు. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, జారని నేల కావాలి. (బెళ్ళందూరు)

జవాబు: మురుగు తాకిన ఫోము, చెక్క, జిప్సం బోర్డు, పరుపులు ఏవీ దాచుకోకండి. మిగతా చోట బురద ఎండకముందే ఎత్తి, సబ్బునీళ్ళతో రుద్ది కడిగి, ఆ తర్వాతే క్రిమినాశని. బురద ఉండగా పోసిన బ్లీచింగ్ వృథా. తాజా బ్లీచింగ్ పౌడర్ 10 లీటర్ల నీళ్ళకు 300 గ్రాములు కలిపి, తేరిన నీరు నేల మీద, గోడ మీద నీళ్ళు తాకిన మేర పట్టించి, అరగంట ఉంచి కడగండి. చేతులకు గ్లౌజులు, కాళ్ళకు గమ్‌బూట్లు ఉండాలి, కిటికీలు తెరిచి ఉండాలి. ఆ రోజు యాసిడ్ ముట్టుకోవద్దు. బ్లీచింగూ యాసిడూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన బేస్‌మెంట్‌లో అది ప్రాణాంతకం.

వాసన ఇంకా ఉందంటే కీళ్ళలోని సిమెంటు గ్రౌట్ మురుగు పీల్చింది. ఇక్కడ బండలు, సిమెంటు నేల కంటే విట్రిఫైడే మేలు, ఎపాక్సీ గ్రౌట్‌తో వేయించండి, మురుగు పీల్చే సందు ఉండదు. అత్తగారి కోసం గరుకు మ్యాట్ రకం ఎంచుకుని, కొట్టులోనే ఒక టైల్ మీద నీళ్ళు పోయించి చెప్పు లేని కాలితో రుద్ది చూడండి. మెరిసే నానో పాలిష్ టైల్స్ తడిలో జారుతాయి.

అయితే మురుగు మళ్ళీ రాకుండా చేయనిదే ఏ నేలైనా దండగే. మీ టాయిలెట్ రోడ్డు మీది మ్యాన్‌హోల్ మూత కంటే కిందుగా ఉంది, అక్కడ నిండితే ఇక్కడ పొంగుతుంది. 110 మి.మీ. లైనుకు మురుగును వెనక్కి రానివ్వని నాన్-రిటర్న్ వాల్వు పెట్టించాలి, మూత తీసి శుభ్రం చేసుకునేలా చాంబర్‌లో ఉండాలి. ప్లంబర్లు తరచూ చేసే తప్పు ఒకటుంది: వాల్వును ఇంటి మొత్తం లైను బయటికి పోయే చోట పెడతారు. వాన రోజు అది మూసుకున్నప్పుడు పై అంతస్తుల ఫ్లష్ నీళ్ళకు బయటి దారి లేక, మీ బేస్‌మెంట్ టాయిలెట్లోంచే పైకొస్తాయి. వాల్వు బేస్‌మెంట్ కొమ్మ మీద మాత్రమే ఉండాలి, పై అంతస్తుల లైను దాన్ని దాటాక కలవాలి. ఏటా మే నెలకు ముందు మూత విప్పి వాల్వు లోపలి తలుపు ఆడుతోందో లేదో చూడండి, వెంట్రుకలు, చెత్త ఇరుక్కుంటే సగం తెరిచే ఉండిపోతుంది.

ప్రశ్న: బేస్‌మెంట్ జిమ్‌కు వేసిన ఎపాక్సీ పూత ఏడాది తిరక్కుండా బుడగలొచ్చి ఊడుతోంది. మళ్ళీ ఇంకా మందంగా వేస్తామంటున్నారు.

జవాబు: మందం పెంచినా నిలవదు. ఎపాక్సీ ఆవిరిని వదలని పొర. కింద ఊట ఉంటే నీటి ఒత్తిడి ఆ పొరను కిందనుంచి తోస్తుంది. బయట నీటిమట్టం మీ నేల కంటే ఒక్క అడుగు ఎత్తున ఉంటే చదరపు అడుగుకు 28 కిలోల తోపు పడుతుంది, కాంక్రీటు పట్టు తడితో బలహీనపడ్డాక ఎపాక్సీ అక్కడ ఆగలేదు. గ్రైండర్‌తో మొత్తం తీయించి, కాంక్రీటును అలాగే ఉంచి సిలికేట్ డెన్సిఫయర్ పట్టించండి. అది లోపలికి ఇంకి గట్టిపరుస్తుంది, పైన పొర కట్టదు, తడికి దారి ఉంటుంది. బరువులెత్తే చోట మాత్రం రబ్బరు మ్యాట్లు పరిచి, వారానికోసారి ఎత్తి నిలబెట్టండి.

ప్రశ్న: అద్దె ఇల్లు. ఓనరు ఏమీ చేయరు. చవగ్గా, వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళేలా ఏమైనా ఉందా? (హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్)

జవాబు: అడుగున కాళ్ళుండి గాలి ఆడే ప్లాస్టిక్ ఇంటర్‌లాకింగ్ టైల్స్ తీసుకోండి. నడిచే దారికీ బల్ల కిందకీ చాలినన్ని కొంటే చాలు, గదంతా అక్కరలేదు. వినైల్ రోలు ఇంకా చవకే గానీ తడి నేల మీద పరిస్తే పదిహేను రోజుల్లో అడుగున నల్లటి బూజు పడుతుంది. బీరువా, మంచం కాళ్ళ కింద నాలుగంగుళాల గ్రానైట్ ముక్కలు పెట్టుకోండి, కొట్టులో వ్యర్థంగా పడేసినవి అడిగితే ఇస్తారు. ప్లగ్ బోర్డులు, ఎక్స్‌టెన్షన్ వైర్లు నేల మీద ఉంచకుండా బల్ల కాలికి ఎత్తుగా కట్టండి.